తప్పంతా గొట్టానిదేనా? ఎయిర్‌సాఫ్ట్ ఇన్నర్ బ్యారెల్ ఎంపిక మీద ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వినపడుతోందా? సరే, మొదలుపెడదాం. కొత్తవాళ్ల కోసం ఒక్క మాట: ఎయిర్‌సాఫ్ట్ అంటే గాలి లేదా గ్యాస్ ఒత్తిడితో చిన్న ప్లాస్టిక్ గుళ్లు కాల్చే బొమ్మ తుపాకుల ఆట. ఆ గుళ్లనే బీబీలు అంటాం.

ఇందాక లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒక తమ్ముడు ఆపాడు. చేతిలో సన్నగా, పొడుగ్గా ఒక ప్యాకెట్టు. సీలు కూడా తీయలేదు. "అన్నా, 6.01 బ్యారెల్ తెప్పించాను. నా రైఫిల్లో బీబీలన్నీ చివర్లో కుడివైపుకు తిరిగిపోతున్నాయి. ఇది వేస్తే సరిపోతుందా?" అన్నాడు. ప్రసంగం అయ్యాక చెబుతానన్నాను. అదిగో, మూడో వరసలో ప్యాకెట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ గంటసేపూ నేను మాట్లాడేది అతని ప్రశ్నకు జవాబే అనుకోండి.

ఇన్నర్ బ్యారెల్ అంటే ఏమిటో మీలో చాలామందికి తెలుసు. పైకి కనిపించే నల్లటి బ్యారెల్ వట్టి తొడుగు. దాని లోపల సన్నటి గొట్టం ఉంటుంది, బీబీ ప్రయాణమంతా అందులోనే. ఎవరి రైఫిల్ గురి తప్పినా మొదట తిట్టేది ఆ గొట్టాన్నే, మొదట డబ్బు పెట్టేదీ దాని మీదే. ఎందుకని? అసలు తుపాకుల గురించి మనం విన్న మాటలు బుర్రలో తిరుగుతుంటాయి కాబట్టి. అసలు రైఫిల్లో బ్యారెల్ లోపల మెలికలు తిరిగిన గాడులుంటాయి. అవి తూటాను బొంగరంలా తిప్పి నిలకడగా పంపిస్తాయి. అక్కడ బ్యారెల్ అంటే సగం తుపాకీ. మన గొట్టం లోపల గాడులు లేవు, అద్దంలా నున్నగా ఉంటుంది. బీబీని తిప్పే పని దానిది కాదు. తిప్పేది గొట్టం మొదట్లో ఉండే హాప్ రబ్బరు. పైనుంచి కొంచెం కిందికి దిగిన ఆ రబ్బరు బుడిపెకు రాసుకుంటూ వెళ్లడంతో బీబీ వెనక్కి తిరుగుతూ బయటికొస్తుంది. ఆ తిరుగుడు వల్ల గాలి దాన్ని కాస్త పైకి మోస్తుంది. భౌతికశాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. క్రికెట్టూ టేబుల్ టెన్నిసూ ఆడినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కాబట్టి బీబీ ఎటు పోవాలో, ఎంత దూరం తేలుతూ పోవాలో చాలావరకు మొదటి సెంటీమీటరులోనే తేలిపోతుంది. మిగతా గొట్టం చేయాల్సిందల్లా రబ్బరు ఇచ్చిన తిరుగుడును చెడగొట్టకుండా చివరిదాకా చేర్చడం. మంచి గొట్టం గురిని పెంచదు, పాడు చేయకుండా ఉంటుంది, అంతే. నా మాట మీద అనుమానం ఉంటే టోక్యో మారుయి రైఫిళ్లు చూడండి. 1991లో ఫామాస్ అనే మోడల్‌తో ఎలక్ట్రిక్ రైఫిళ్లు మొదలుపెట్టిన కంపెనీ అది. వాళ్ల మామూలు గొట్టాలు ఇత్తడివి, లోపలి కొలత 6.08 మిల్లీమీటర్లు. టైట్ బోర్, అంటే బీబీకి బాగా బిగుతైన గొట్టం, కానే కాదు. దానికితోడు జపాన్‌లో 2006లో చట్టం మార్చి బీబీ శక్తికి 0.98 జూల్స్ దగ్గర గీత గీశారు. ఇంత వదులు గొట్టంతో, ఇంత తక్కువ శక్తితో పెట్టె విప్పిన రోజే ఆ రైఫిళ్లు చక్కగా కొడతాయి. ఆ గొప్పంతా రబ్బరును పట్టి ఉంచే హాప్ యూనిట్‌దీ ఆ రబ్బరుదీ, అన్ని భాగాలూ తేడా లేకుండా అమరడానిదీ.

ఇప్పుడు ప్యాకెట్ల మీది అంకెల సంగతి. 6.01, 6.03, 6.05, 6.08 అంటే గొట్టం లోపలి వ్యాసం, అదే బోర్, మిల్లీమీటర్లలో. మనం వాడే మంచి బీబీ 5.95 ఉంటుంది, అటూ ఇటూ ఒక 0.01 తేడా. 6.03 గొట్టంలో ఆ బీబీని సరిగ్గా నడుమ ఊహించుకోండి. చుట్టూ మిగిలే సందు 0.04 మిల్లీమీటరు, అంటే తల వెంట్రుక మందంలో సగం చిల్లర. 6.01లో అది 0.03. మనం వాదించుకునేదంతా వెంట్రుకలో ఈ చిన్న ముక్క గురించే.

అలాగని ఆ ముక్క అబద్ధం కాదు, లెక్క వేసి చూపిస్తాను. బీబీ చుట్టూ గాలి జారిపోయే దారి వైశాల్యం 6.08 గొట్టంలో సుమారు 1.23 చదరపు మిల్లీమీటర్లు. 6.03లో 0.75. అంటే దాదాపు 40 శాతం తగ్గింది. గాలి పక్కనుంచి కారిపోవడం తగ్గితే వేగం కొంచెం పెరుగుతుంది, ఒక షాట్‌కూ ఇంకో షాట్‌కూ తేడా కూడా తగ్గే అవకాశం ఉంది. 6.03 నుంచి 6.01కి పోతే ఆ దారి 0.56 అవుతుంది. తగ్గిన మాట నిజమే, కానీ ఈసారి తగ్గింది 0.19 మాత్రమే. బిగుతు పెరిగేకొద్దీ లాభం సన్నబడుతుంది, ఇబ్బంది మాత్రం లావెక్కుతుంది.

ఇబ్బంది అంటే ఏమిటో నా కథ చెబుతాను. నేను కొన్న మొట్టమొదటి విడిభాగం 6.01 గొట్టమే. ఏ కంపెనీది అని అడగొద్దు, తప్పు కంపెనీది కాదు, నాది. గొట్టం మంచిది కొని బీబీలు నాసిరకంవి పోశాను. ఆట మొదలైన పది నిమిషాలకు ట్రిగ్గర్ నొక్కితే "టప్" అని మొద్దు శబ్దం వచ్చింది, మూతి నుంచి ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాను. అదే పెద్ద తప్పు. మొదటి బీబీ వెనకాల రెండోది కూడా వెళ్లి ఇరుక్కుంది. మ్యాగజైన్ తీసి, క్లీనింగ్ రాడ్ మూతి నుంచి పెట్టి నెట్టాను. కదల్లేదు. గట్టిగా నెడితే హాప్ రబ్బరు చిరుగుతుందని భయం. ఆ పూటంతా గోడ పక్కన కూర్చుని మిగతావాళ్ల ఆట చూశాను. ఇంటికెళ్లి విప్పి చూస్తే ఒక బీబీ నడుం చుట్టూ అచ్చు కలిసిన చోట గీత, గోరుకు తగిలేంత ఎత్తున. వదులు గొట్టంలో అది గలగలమంటూ ఎలాగో బయటపడేది. 6.01లో పడలేదు.

అందుకని నా లెక్క ఇది. మైదానంలో పడి లేచేవాళ్లకు, దుమ్ములో ఇసుకలో ఆడేవాళ్లకు 6.03 నుంచి 6.05 చాలు. మ్యాగజైన్ మ్యాగజైన్‌కీ గొట్టం తుడుచుకునే ఓపికా బీబీలు ఏరుకునే అలవాటూ ఉన్నవాళ్లు, అంటే ప్రతి షాట్‌కూ చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్ స్నైపర్లు, 6.01కి వెళ్లొచ్చు. ఆటోమేటిక్‌లో ధారగా పోసేవాళ్లకు దాన్ని నేను సిఫారసు చేయను. జీవక్షయ బీబీలు, అదే మట్టిలో కలిసిపోయే రకం వాడేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. సంచి తెరిచి తేమలో వదిలేస్తే అవి ఉబ్బే ప్రమాదం ఉంది. టైట్ బోర్‌కి ఉబ్బిన బీబీ పెడితే ఏమవుతుందో నా కథలోనే విన్నారు.

ఇక పొడుగు. ఇక్కడే డబ్బు ఎక్కువగా వృథా అవుతోంది. "పొడుగు గొట్టం అయితే దూరం పోతుంది" అన్న మాట ఎవరు మొదలుపెట్టారో గానీ చావట్లేదు. స్ప్రింగ్ రైఫిల్లోనూ ఎలక్ట్రిక్ రైఫిల్లోనూ గాలి సిలిండర్‌లో ఎంత ఉందో అంతే. పిస్టన్ చివరిదాకా ముందుకొచ్చి ఆగాక కొత్త గాలి పుట్టదు. ఎం4 తరహా రైఫిల్లో 363 మిల్లీమీటర్ల గొట్టం ఉంటుంది. అది నిండడానికి సుమారు 10.4 ఘన సెంటీమీటర్ల గాలి కావాలి. ఎం16 తరహాలో 509, దానికి 14.5. అంటే 40 శాతం ఎక్కువ. బోర్ 6.08 నుంచి 6.03కి మారిస్తే ఈ ఘనపరిమాణంలో వచ్చే తేడా రెండు శాతం కూడా లేదు. చూశారా, అందరూ బోర్ అంకె దగ్గర కొట్టుకుంటారు, సిలిండర్‌ని ఇబ్బంది పెట్టేది మాత్రం పొడుగు.

పొట్టి గొట్టాల రైఫిళ్లలో సిలిండర్ పక్కన ఒక రంధ్రం ఉంటుంది. పిస్టన్ ఆ రంధ్రం దాటాకే గాలి నొక్కుకోవడం మొదలవుతుంది. అంటే కావాలనే తక్కువ గాలి వాడుతున్నారు. అలాంటి రైఫిల్‌కి సైలెన్సర్ తగిలించి, దాని లోపల దాక్కునేలా 509 గొట్టం వేశారనుకోండి. సగం దారిలో గాలి ఊపు అయిపోతుంది. మిగతా దారంతా బీబీ సొంత ఊపు మీదే ఈడ్చుకుంటూ పోవాలి, వెనక పీడనం పడిపోయి వెనక్కి పీల్చినట్టవుతుంది. వేగం తగ్గుతుంది, షాట్‌కీ షాట్‌కీ పొంతన ఉండదు. కొన్నవాడు మాత్రం గొట్టం నకిలీదంటాడు. పొడుగు పెంచాలంటే సిలిండర్ కూడా దానికి తగ్గది వేయాలి. సిలిండర్ గాలి గొట్టం ఘనపరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు, బరువు బీబీలకు రెండు రెట్లు ఆపైన ఉండాలన్నది చాలామంది పాటించే లెక్క. సిలిండర్ జోలికి వెళ్లే ఉద్దేశం లేకపోతే ఇప్పుడున్న పొడుగే కొనుక్కోండి. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

గ్యాస్ రైఫిళ్ల వ్యవహారం వేరు. అక్కడ గ్యాస్ ఇంకా వ్యాకోచిస్తూనే ఉంటుంది కాబట్టి పొడుగు పెరిగితే శక్తి నిజంగానే పెరుగుతుంది. బరువు బీబీ గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ శక్తి పుంజుకుంటుంది. దీన్నే ఆటగాళ్లు జూల్ క్రీప్ అంటారు. 0.20 గ్రాముల బీబీతో క్రోనో (బీబీ వేగం కొలిచే పరికరం) మీద బుద్ధిమంతుడిలా కనిపించిన రైఫిల్ 0.32తో హద్దు దాటేయొచ్చు. అందుకే గొట్టం మార్చిన ప్రతిసారీ, ఆటలో ఏ బీబీ వాడతారో దానితోనే క్రోనో చేయండి. ఎదుటివాడి కళ్లూ పళ్లూ మన లెక్క మీద ఆధారపడి ఉంటాయి.

లోహం గురించి రెండు మాటలు చాలు. ఇత్తడి మెత్తన, నున్నగా చెక్కడం తేలిక. మెత్తన కదా అని భయపడకండి, ప్లాస్టిక్ బీబీ దాన్ని అరగదీయలేదు. అరగదీసేది రాడ్ చివర అంటుకున్న ఇసుక రేణువు. అల్యూమినియం తేలిక, గీత కూడా తేలిగ్గానే పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టిది, తుప్పు బెడద తక్కువ. ప్రొమీథియస్ వాళ్ల 6.03 స్టెయిన్‌లెస్ గొట్టానికి ఏళ్ల తరబడి మంచి పేరుంది. నన్నడిగితే బాగా చెక్కిన ఇత్తడి, ఆదరాబాదరా చెక్కిన స్టీలు కన్నా వెయ్యి రెట్లు నయం.

బాగా చెక్కారో లేదో ఎలా తెలుస్తుంది? ఇదిగో, నేను తెచ్చిన గొట్టం. దీన్ని దీపం వైపు పెట్టి ఒక కన్ను మూసి చూడండి. లోపల వెలుగు వలయాలు కనిపిస్తాయి, ఒకదానిలో ఒకటి. అవి గుండ్రంగా, అన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే గొట్టం తిన్నగా ఉన్నట్టు. ఒక పక్కకు జరిగినట్టు, గుడ్డులా సాగినట్టు కనిపిస్తే ఎక్కడో వంపు ఉంది. తర్వాత దీన్ని ఇలా అద్దం పలక మీద దొర్లించండి. సన్నటి కంపనం వినపడినా, కింద వెలుగు చీలిక వచ్చిపోతున్నా వంపు ఉన్నట్టే. ఇప్పుడు మూతి. దీన్ని క్రౌన్ అంటారు. చెవిలో పెట్టుకునే దూది పుల్ల తీసుకుని మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. దూది పోగు ఎక్కడా చిక్కుకోకూడదు. చిక్కుకుందా, అక్కడ కంటికి కనపడని ముల్లు ఉంది. బీబీ బయటికొచ్చే ఆఖరి క్షణంలో దానికి తగిలేది ఆ ముల్లే. ఇలాంటి గొట్టం మీద 6.01 అని ఉన్నా 5.99 అని ఉన్నా ఒకటే, నేతి బీరకాయలో నెయ్యి.

అదే పుల్లతో రెండో చివర హాప్ కిటికీ అంచులు కూడా తడమండి. రబ్బరు లోపలికి దిగే చోటు అది. అంచు పదునుగా ఉంటే కొత్త రబ్బరును వారం రోజుల్లో కోసేస్తుంది. కొనేటప్పుడే ఇంకో సంగతి చూసుకోవాలి. ఆ కిటికీ కోత ఎలక్ట్రిక్ రైఫిళ్లకు ఒక తీరు, గ్యాస్ వాటికీ, బోల్ట్ యాక్షన్ మోడల్ అయిన వీఎస్ఆర్ తరహా స్నైపర్లకూ చాలావరకు ఇంకో తీరు. బోర్, పొడుగు అన్నీ కుదిరి కోత కుదరక ఇంట్లో మూలన పడున్న గొట్టాలు నా దగ్గరే రెండున్నాయి. (నవ్వులు)

ఇప్పుడు మీకో రహస్యం చెబుతాను. నా 6.01 గొడవ తర్వాత ఒక 6.03 వేశాను. గురి బ్రహ్మాండంగా కుదిరింది. అందరికీ చెప్పుకుని తిరిగాను. కొన్నాళ్లకు ఎందుకో అనుమానం వచ్చి, పెట్టెలో పడేసిన పాత మామూలు గొట్టాన్ని బయటికి తీశాను. టిష్యూ ముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి రాడ్‌కి చుట్టి లోపలికి పంపాను. మొదటిది బూడిద రంగులో, జిడ్డుతో వచ్చింది. రెండోది కాస్త తెల్లగా. ఐదో ముక్క వేసినప్పుడు వేసినట్టే తెల్లగా వచ్చింది. దాన్ని తీసుకెళ్లి రైఫిల్లో వేసి, అదే రబ్బరుతో అవే బీబీలతో కాగితం మీద కొట్టాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏది ఏ గొట్టానిదో నేనే చెప్పలేకపోయాను.

అప్పుడు అర్థమైంది. కొత్త గొట్టం వేసిన రోజున నేను ఒక్క గొట్టమే మార్చలేదు. రైఫిల్ విప్పాను, హాప్ యూనిట్ శుభ్రం చేశాను, కొత్త రబ్బరు తిన్నగా కూర్చోబెట్టాను, జిడ్డు తుడిచాను. మంచి జరిగింది ఆ పనుల వల్ల. పేరు మాత్రం గొట్టం కొట్టేసింది. మీలో ఎంతమంది "బ్యారెల్ మార్చాక నా రైఫిల్ మారిపోయింది" అంటారో, వాళ్లలో చాలామంది కథ ఇదేనని నా గట్టి అనుమానం.

అందుకే ముందు లక్షణం చూడండి, మందు తర్వాత. కాగితం మీద కన్నాలను కాదు, గాలిలో బీబీ వెళ్లే దారిని చూడండి. బీబీలన్నీ బయల్దేరడం తిన్నగా బయల్దేరి, దూరం వెళ్లాక ఒకే పక్కకు ఒంపు తిరుగుతుంటే హాప్ బుడిపె ఒరిగి ఉంది, లేదా గొట్టం హాప్ యూనిట్‌లో కొంచెం తిరిగి కూర్చుంది. బయల్దేరడమే పక్కకు బయల్దేరి, గీత గీసినట్టు తిన్నగా పోతే తప్పు గురి చూసే సైట్‌ది, లేకపోతే లోపలి గొట్టం బయటి బ్యారెల్లో ఒక పక్కకు వాలి ఉంది. కొన్ని ఎత్తుగా కొన్ని పల్లంగా పోతుంటే వేగంలో నిలకడ లేదు. గాలిని బీబీ వెనక్కి పంపే నాజిల్ దగ్గరో పిస్టన్ తల దగ్గరో గాలి కారుతోంది, లేదా బీబీల బరువుల్లో తేడా ఉంది. ఏ తీరూ లేకుండా ఒకటి ఇటు ఒకటి అటు పోతుంటే ముందు అనుమానించాల్సింది గొట్టంలోని మురికినీ రబ్బరు మీద పడిన సిలికాన్ నూనెనూ. వీటన్నిటినీ దాటుకుని వస్తే, అప్పుడు గొట్టం వంపో క్రౌన్ ముల్లో అనుకోవచ్చు. అప్పటిదాకా గొట్టాన్ని తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే.

గొట్టం వాలడం గురించి చెప్పాను కదా, దానికి మందు చాలా చవక. ఇన్నర్ బ్యారెల్‌కీ బయటి బ్యారెల్‌కీ మధ్య ఖాళీ ఉంటే కదలకుండా రెండు మూడు చోట్ల టేప్ చుట్టండి. నలుసంత కూడా ఆడకూడదు, అలాగని సుత్తితో దిగేంత బిగువూ ఉండకూడదు. ఏళ్లుగా ఆడుతున్నవాళ్ల రైఫిళ్లలో కూడా గొట్టం గంటలో నాలుకలా ఊగుతుండటం చూశాను. విప్పే ముందు మ్యాగజైన్ తీసేసి, గొట్టంలో బీబీ లేదని రెండుసార్లు చూసుకుని, బ్యాటరీ పీకేయండి. తెలిసినవాళ్లే ఎక్కువ మర్చిపోతారు.

బీబీల మాట ఒక్కటి మిగిలింది. 0.20 నుంచి 0.28కి మారడం వల్ల దూరంలో కనిపించే తేడా, 6.05 నుంచి 6.03కి మారితే కనిపించదు. ఒక జూల్ శక్తితో 0.20 బీబీ సెకనుకు 100 మీటర్ల వేగంతో బయల్దేరితే 0.28 బీబీ సుమారు 85తో బయల్దేరుతుంది. బయల్దేరడం నెమ్మదే, కానీ గాలికి త్వరగా లొంగదు. హాప్ మళ్లీ సరిచేసుకోవాలి, అది మర్చిపోకండి.

సరే, మూడో వరస తమ్ముడూ, ఇప్పుడు నీ సంగతి. బీబీలు తిన్నగా బయల్దేరి చివర్లో కుడికి తిరుగుతున్నాయన్నావు. అన్నీ ఒకే పక్కకేనా? అన్నీ కుడికే, కదా. అయితే ఆ ప్యాకెట్టు సీలు తీయకు. రైఫిల్ తెచ్చావా? బయట బండిలో ఉందా, మంచిది. తీసుకురా. హాప్ యూనిట్ విప్పి, మూతి నుంచి దీపం పెట్టి లోపలికి చూద్దాం. రబ్బరు బుడిపె పైనుంచి నెలవంకలా సమంగా దిగి కనిపించాలి. నీదాంట్లో ఒక పక్క ఎక్కువ దిగి ఉంటుందని నా అంచనా. దాన్ని సరిచేసి పది షాట్లు కొట్టి చూడు. అప్పటికీ కుడికే పోతే ఆ ప్యాకెట్టు నేనే విప్పుతాను. టిష్యూలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?